పళ్ల డాక్టరుకు ఫోన్‌లో చూపించుకోవాలంటే ఏం చేయాలి?

ఉదయగిరి, సీతారామపురం వైపు ఊళ్ల నుంచి పంటి నొప్పితో నెల్లూరుకు బయలుదేరిన మనిషికి రానూపోనూ ఒక రోజు పూర్తిగా పోతుంది. అదే మనిషికి రూట్ కెనాల్ (పంటి లోపలి నరం తీసే చికిత్స) అవసరమైతే అలాంటి రోజులు రెండో మూడో పోతాయి. దోర్నాల, పుల్లలచెరువు వైపు నుంచి ఒంగోలుకు వచ్చేవారి సంగతీ అంతే. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే రోజుల్లో ఆ కొట్టు, అంటే బ్యారన్ దగ్గర రాత్రింబవళ్లు మంట చూసుకునే రైతుకు, జువ్వలదిన్నె, కొత్తపట్నం తీరాల నుంచి వేటకు వెళ్లే మత్స్యకారుడికి ఆ ఒక్క రోజు వదులుకోవడం కూడా కష్టమే. అందుకే "ఫోటో పంపిస్తాను, చూసి చెప్పండి సార్" అని అడిగేవారు మా దంతవైద్యులందరికీ ఏటేటా పెరుగుతున్నారు. అలా అడగడంలో తప్పు లేదు. అయితే ఎలా అడగాలో, ఏం చూపించాలో, ఎప్పుడు ఫోన్ పక్కన పెట్టి బండెక్కాలో తెలిసి అడిగితే మీకు మేలు జరుగుతుంది, తెలియకపోతే కీడు కూడా జరగవచ్చు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల వారికి పళ్లు చూస్తున్న డాక్టరుగా నేను గమనించినదీ, తోటి దంతవైద్యులతో మాట్లాడి తెలుసుకున్నదీ ఇక్కడ వరుసగా చెబుతాను.

ముందుగా, దీన్ని మా వృత్తిలోని వారు ఎలా చూస్తారో మీరు తెలుసుకోవాలి. దంతవైద్యం చేతిపని అని, నోట్లో అద్దం, పరికరం పెట్టకుండా చెప్పే మాటకు విలువ లేదని గట్టిగా నమ్మేవారు మాలో ఉన్నారు. మా దగ్గరకు వచ్చేవారిలో చాలామందికి ఆ రోజు రావలసిన అవసరమే లేదని, కొందరు మాత్రం వారం ముందే రావలసిందని, ఆ తేడాను ఫోన్‌లోనే తేల్చవచ్చని చెప్పేవారూ ఉన్నారు. అమెరికా సైన్యం 1994లోనే దూరప్రాంతాల్లోని సైనికుల నోటి చిత్రాలను నిపుణులకు పంపి సలహా తీసుకునే పద్ధతిని మొదలుపెట్టింది. మన దగ్గర మాత్రం ఎక్కువమంది డాక్టర్లు 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చాకే ఈ దారి పట్టారు. ఆ ఏడాది మే 19న కేంద్ర ఆరోగ్య శాఖ దంతవైద్యుల కోసం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ముందు ఫోన్‌లో విచారించి, అవసరమైన వారినే పిలిపించమని చెప్పాయి. ఆ అనుభవంతో మాలో చాలామంది ఒక మాట మీదికి వచ్చారు: ఫోన్‌లో పంటికి వైద్యం జరగదు కానీ, ఎప్పుడు రావాలి, ఎక్కడికి రావాలి, అప్పటిదాకా ఏం చేయాలి అన్నది చాలావరకు తేలుతుంది.

ఫోన్ వైద్యానికి వెనుకాడే డాక్టరుది బద్ధకం అనుకోకండి. పన్నును మెల్లగా కొట్టి చూడడం, చల్లదనం తగిలించి చూడడం, వాపును నొక్కి గట్టిగా ఉందో మెత్తగా ఉందో తెలుసుకోవడం, ఎక్స్‌రే తీయడం, ఇవన్నీ కలిస్తేనే మాకు జబ్బు అర్థమవుతుంది. ఫోన్‌లో ఇవేవీ ఉండవు. మిగిలేవి కన్నూ చెవీ మాత్రమే. రెండు పళ్ల సందున ఉన్న పుచ్చు ఎంత మంచి ఫోటోలోనైనా కనబడదు. కాబట్టి చూపించేదీ చెప్పేదీ మీరు ఎంత శ్రద్ధగా సిద్ధం చేస్తే మా మాట అంత నమ్మదగినదిగా ఉంటుంది.

మొదట: ఇది ఫోన్‌తో ఆగే బాధేనా?

కింద చెప్పిన వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఫోటోలు తీస్తూ సమయం పోగొట్టకండి. వాపు దవడ కింద నుంచి మెడలోకి దిగుతున్నా, నాలుక కింద నోటి అడుగు పైకి లేచినట్టు బిగుసుకున్నా, మింగడానికో ఊపిరి తీసుకోవడానికో ఇబ్బందిగా ఉన్నా, మాట ముద్దగా వస్తున్నా, పైపన్ను వాపు వల్ల కన్ను మూసుకుపోతున్నా వెంటనే 108కు ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేరాలి. వాపుతోపాటు చలి జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా అదే రోజు చేరాలి. ప్రమాదంలో దవడ విరిగి పళ్ల వరుస కలవకపోయినా, పన్ను పీకించుకున్న చోట అరగంటపాటు దూది గట్టిగా కరిచి పట్టుకున్నా రక్తం ఆగకపోయినా అంతే. కింది దవడ నొప్పితోపాటు ఛాతీలో బరువు, చెమటలు ఉంటే అది పంటి నొప్పి కాకపోవచ్చు, గుండె నొప్పి కావచ్చు. దాన్ని పళ్ల డాక్టరుకు ఫోన్ చేసి అడగాల్సిన పని లేదు.

దర్శి వైపు నుంచి ఒక రాత్రి వచ్చిన ఫోన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. డిగ్రీ చదివే అమ్మాయి తన తండ్రి చెంప ఫోటో పంపింది. బ్యారన్ దగ్గర దీపం వెలుతురులో తీసిన ఫోటో, అందులో కొంచెం ఉబ్బు తప్ప ఏమీ తెలియలేదు. మాత్రలు రాసి పొద్దున రమ్మందామని అనుకుంటూ, "అమ్మాయ్, నోటి లోపలి ఫోటో కూడా ఒకటి తియ్యి" అన్నాను. "నాయన నోరు ఇంతకంటే తెరవలేడు సార్, వేలు కూడా పట్టడం లేదు, మధ్యాహ్నం నుంచీ అన్నం కూడా తినలేదు" అని ఆ పిల్ల మామూలుగా చెప్పింది. ఫోటో చెప్పని సంగతి ఆ ఒక్క మాట చెప్పింది. ఆ రాత్రే ఒంగోలు తీసుకువెళ్లమన్నాను. జ్ఞానదంతం వెనక చీము గొంతువైపు పాకుతోందని అక్కడ తేలింది. అప్పటి నుంచి వాపు అని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు మూడే ప్రశ్నలు అడుగుతాను: నోరు ఎన్ని వేళ్లు పడుతోంది, నీళ్లు మింగగలుగుతున్నారా, జ్వరం ఉందా. డాక్టరు అడగకముందే మీరు ఈ మూడూ చెప్పేయండి.

ఆటల్లోనో బండి మీద నుంచి పడో పిల్లవాడి శాశ్వత పన్ను వేరుతో సహా ఊడిపోతే ఫోన్ పనికొస్తుంది కానీ నిమిషాల్లో కదలాలి. పన్నును పైభాగం పట్టుకుని తీయండి, వేరును ముట్టుకోవద్దు, మట్టి ఉందని రుద్దవద్దు. పాలతోనో శుభ్రమైన నీళ్లతోనో కొన్ని క్షణాలు మెల్లగా కడిగి, వీలైతే అదే గుంటలో కూర్చోబెట్టి, మెత్తని గుడ్డ కరిచి పట్టుకోమనండి. అది కుదరకపోతే ఒక గ్లాసు చల్లని పాలలో వేసి బయలుదేరండి. గంటలోపు చేరితే పన్ను నిలిచే అవకాశం బాగా ఉంటుంది. పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు, లోపల తయారవుతున్న పన్ను దెబ్బతింటుంది. దారిలో ఉండగానే డాక్టరుకు ఫోన్ చేస్తే మీరు చేరేసరికి అన్నీ సిద్ధంగా ఉంటాయి.

ఎవరికి ఫోన్ చేయాలి?

ఇంతకుముందు మీ నోరు చూసిన డాక్టరు ఉంటే ముందు ఆయనకే చేయండి. మీ పాత ఎక్స్‌రే, ఏ పంటికి సిమెంటు పెట్టారో, ఏ మందు మీకు పడదో ఆయన దగ్గర ఉంటాయి. కొత్త నోటిని ఫోన్‌లో చూడడం ఒక ఎత్తయితే, తెలిసిన నోటిని చూడడం వేరు. అలాంటి డాక్టరు లేకపోతే మీ ఊరి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరానికి వెళ్లండి. ఊళ్లో చాలామంది ఇప్పటికీ విలేజ్ క్లినిక్ అనే అంటారు. అక్కడి సిబ్బంది ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ద్వారా డాక్టరుతో మాట్లాడించగలరు. ఆరోగ్య కేంద్రాల నుంచి ఈ సేవను 2019 నవంబరులో దేశంలో మొదట మొదలుపెట్టింది మన ఆంధ్రప్రదేశే. ఆ డాక్టరు చూసి, అవసరమైతే దంతవైద్యుడున్న ఆసుపత్రికి పంపుతారు. నెల్లూరులో దంతవైద్య కళాశాల ఉంది. కళాశాల ఆసుపత్రుల్లో ఒక్కో జబ్బుకు ఒక్కో విభాగం ఉంటుంది కనుక, ఏ విభాగానికి వెళ్లాలో ఫోన్‌లో తెలుసుకుని వెళితే గేటు దగ్గర తిరగడం తప్పుతుంది.

ఫోన్ ఎత్తిన వ్యక్తి ఎవరో తెలుసుకోవడం మీ హక్కు. 1948 నాటి దంతవైద్యుల చట్టం వచ్చిన నాటి నుంచీ దంతవైద్యులకు రాష్ట్ర కౌన్సిల్‌లో నమోదు సంఖ్య ఉంటుంది. అడగడానికి మొహమాటపడకండి, నిజమైన డాక్టరు నొచ్చుకోడు. 2020 మార్చి 25న కేంద్రం విడుదల చేసిన టెలిమెడిసిన్ (దూరం నుంచి చేసే వైద్యం) మార్గదర్శకాలు వైద్యులను ఉద్దేశించినవే అయినా, వాటిలోని పద్ధతులు పళ్ల విషయంలోనూ పాటించదగినవి: డాక్టరు తన పేరు, నమోదు సంఖ్య చెప్పాలి, రోగి పేరు, వయసు అడిగి నిర్ధారించుకోవాలి, పిల్లలైతే పెద్దవారు పక్కన ఉండాలి, రాసిన మందుల చీటీ మీద నమోదు సంఖ్య ఉండాలి. ఫీజు ఎంతో ముందే అడిగి తెలుసుకోండి. అరగంట కూర్చుని ఫోటోలు చూసి, ఆలోచించి చెప్పడం కూడా పనే అని, దాన్ని ఊరికే చెప్పే మాటగా చూస్తున్నారని మాలో చాలామందికి బాధ ఉంది, ఆ బాధలో న్యాయం ఉంది.

ఫోన్‌లో ప్రకటన చూసి, ఇంటికి వచ్చిన పెట్టెలోని అచ్చుతో పళ్లు సరిచేసుకునే పారదర్శక క్లిప్పులు తెప్పించుకోవడం మాత్రం వద్దు. ఎక్స్‌రే లేకుండా, చిగుళ్లను చూడకుండా పళ్లను కదపడం మంచిది కాదన్నది మా వృత్తిలో దాదాపు అందరి మాట.

ఫోన్ చేయకముందు ఒక కాగితం మీద రాసుకోవలసినవి

వయసు, బాధ మొదలైన రోజు, ఇప్పటికే వేసుకున్న మందుల పేర్లు రాయండి. పేర్లు పలకడం రాకపోతే మందు రేకుల ఫోటో తీయండి, వెనకవైపు అక్షరాలు కనబడేలా తీస్తే చాలు. షుగర్, బీపీ, ఆస్తమా, ఫిట్స్, కిడ్నీ జబ్బు ఉంటే చెప్పాలి. గుండె కవాటం ఆపరేషన్, స్టెంటు, రక్తం పలచబడే మాత్రలు, ఎముకల బలానికి వేసుకునే ఇంజక్షన్లు, గర్భం, పెన్సిలిన్ లాంటి మందు పడకపోవడం, ఇవి మరీ ముఖ్యం. షుగర్ ఉన్నవారు చివరిసారి పరీక్షలో ఎంత వచ్చిందో కూడా రాసుకోండి, ఎందుకంటే అదుపులో లేని షుగర్‌తో చిన్న చీము కూడా త్వరగా పెద్దదవుతుంది. పన్ను పీకించుకోవాలి కదా అని రక్తం పలచబడే మాత్రను మీ అంతట మీరు ఎప్పుడూ ఆపవద్దు. ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరూ పళ్ల డాక్టరూ మాట్లాడుకుని చెప్పవలసిన సంగతి.

ఫోటోలు తీయడం

అసలు పని ఇక్కడే ఉంది. మాకు వచ్చే ఫోటోల్లో ఎక్కువ వాటిలో పెదవులూ చీకటీ తప్ప ఏమీ కనబడవు.

భోజనం అయ్యాక నోరు బాగా పుక్కిలించి, మెత్తని బ్రష్‌తో తోముకోండి. పళ్ల మీద పాచి, అన్నం మెతుకు ఉంటే పుచ్చు ఏదో మెతుకు ఏదో తెలియదు. పగటి పూట, ఎండ నేరుగా పడని గుమ్మం దగ్గర వెలుతురు వైపు ముఖం పెట్టి పీట మీద కూర్చోండి. ఫోన్ కెమెరా అద్దాన్ని శుభ్రమైన గుడ్డతో తుడవండి. ముందు కెమెరాతో మీకు మీరే తీసుకోవద్దు, వెనక కెమెరాతో ఇంకొకరు తీయాలి. ఇద్దరూ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. రెండు స్టీలు స్పూన్లను వేడినీళ్లలో కడిగి, వాటి కాడలతో నోటి మూలలను రెండు పక్కలకూ మెల్లగా లాగి పట్టుకోమని ఆ మనిషికే చెప్పండి. తీసేవారు జానెడు దూరంలో ఫోన్ పెట్టి, తెర మీద పంటిని తాకి, బొమ్మ స్పష్టం అయ్యాకే నొక్కాలి. ఫ్లాష్ ఒకసారి వేసి, ఒకసారి వేయకుండా తీయండి. ఫ్లాష్‌తో తడి పళ్లు తళతళలాడి తెల్లమచ్చలాగా కనబడతాయి కాబట్టి తీసే ముందు పళ్లను పొడి గుడ్డతో అద్దాలి.

ఈ ఫోటోలు చాలు: పళ్లు కరిచి పట్టుకుని ఎదురుగా ఒకటి, కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి, తల వెనక్కి వంచి పై వరుస ఒకటి, గడ్డం కిందికి దించి నాలుక వెనక్కి పెట్టి కింద వరుస ఒకటి. వాపు ఉంటే ముఖం మొత్తం ఎదురుగా ఒకటి కావాలి, రెండు చెంపల తేడా అందులోనే తెలుస్తుంది. బాధ ఉన్న పంటి వైపు వేలు పెట్టి ఇంకొకటి తీయండి. కుడి ఎడమలు తారుమారు కావడం ఫోన్ వైద్యంలో చాలా మామూలు పొరపాటు, అందుకే "నా కుడిచేతి వైపు, కింద, వెనక నుంచి రెండోది" అని మాటల్లో కూడా రాయండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మ నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టుగా వస్తుంది. ఊళ్లో సిగ్నల్ సరిగా లేకపోతే వీడియో కాల్ కోసం పాకులాడకండి. నిదానంగా తీసిన మంచి ఫోటోలు, ఆ తరువాత ఐదు నిమిషాల మామూలు ఫోన్ మాట, ఈ రెండూ ఆగి ఆగి వచ్చే వీడియో కంటే మాకు ఎక్కువ పనికొస్తాయి.

మీ ముఖం, మీ ఆరోగ్య వివరాలు అందులో ఉంటాయి కనుక ఊరి గ్రూపుల్లో పెట్టి "ఎవరైనా చెప్పండి" అని అడగవద్దు.

నొప్పిని ఎలా చెప్పాలి?

"బాగా నొప్పి సార్" అంటే మాకు ఏమీ తెలియదు. మన భాషలో నొప్పికి ఎన్నో మాటలు ఉన్నాయి, వాటినే వాడండి. చల్లని నీళ్లు తగిలినప్పుడు జివ్వుమని రెండు మూడు క్షణాల్లో పోతే పన్ను అరిగిందనో చిన్న పుచ్చు ఉందనో అనుకోవచ్చు, అది కొన్ని రోజులు ఆగుతుంది. చల్లదనం పోయాక కూడా నిమిషాల తరబడి లాగుతూ ఉంటే, వేడి టీ తాగినప్పుడు పెరుగుతుంటే, పడుకున్నాక సలుపుతూ నిద్ర లేపుతుంటే పంటిలోని నరం దాకా దెబ్బ చేరినట్టు, దానికి రూట్ కెనాల్ అయినా పీకడం అయినా తప్పదు. నమిలినప్పుడు ఒక్క చోట పోటు వస్తూ, పన్ను కొంచెం పైకి లేచినట్టు అనిపిస్తే వేరు కొన దగ్గర చీము చేరిందేమో చూడాలి. తోముకునేటప్పుడు రక్తం, నోటి వాసన, పళ్లు కదలడం ఉండి నొప్పి మాత్రం లేకపోతే చిగుళ్ల జబ్బు కావచ్చు. గార తీయించుకోవాలి. నొప్పి లేదు కదా అని దాన్ని వాయిదా వేసేవారే చివరికి పళ్లు పోగొట్టుకుంటారు.

డాక్టరు మాట్లాడుతూ మీ చేత చిన్న పరీక్షలు చేయించవచ్చు. స్పూను కాడ చివరతో అనుమానం ఉన్న పన్నునూ, పక్క పళ్లనూ మెల్లగా తట్టమని, ఏది భరించలేకుండా ఉందో చెప్పమని అడగవచ్చు. చల్లని నీళ్లు నోట్లో పట్టి ఎన్ని అంకెలు లెక్కపెట్టేదాకా నొప్పి ఉందో చూడమనవచ్చు. కడిగిన వేలితో చిగురును నొక్కి, గట్టిగా ఉందా, నీటి బుడగలా కదులుతోందా అని అడగవచ్చు. వాపు పరిమాణం చెప్పమంటే పెసరగింజంత, శనగగింజంత, నిమ్మకాయంత అని చెప్పండి. సెంటీమీటర్ల కన్నా అది నయం, రేపు ఎంత పెరిగిందో పోల్చుకోవడానికీ తేలిక.

మందుల విషయంలో

ఇక్కడ మా వృత్తిలోని వారికి ఉన్న పెద్ద భయం యాంటీబయాటిక్ గురించి. పంటి నరం నొప్పిని యాంటీబయాటిక్ తగ్గించదు. నరం తీయడమో, పన్ను తీయడమో చేస్తేనే అది తగ్గుతుంది. జ్వరం, పాకే వాపు ఉన్నప్పుడు ఆ మందు కావాలి, కానీ అప్పుడు ఫోన్ సలహాతో ఇంట్లో కూర్చోకూడదు. కాబట్టి "యాంటీబయాటిక్ రాయను, వచ్చి చూపించుకోండి" అన్న డాక్టరు మీ మేలు కోరే చెబుతున్నాడు. మెడికల్ షాపులో అడిగి నాలుగు బిళ్లలు తెచ్చుకుని, రెండు వేసుకుని, నొప్పి తగ్గగానే ఆపేసే అలవాటు వల్ల లోపల చీము అలాగే ఉండిపోయి, మళ్లీ లేచినప్పుడు అదే మందు పనిచేయదు.

ఒకప్పుడు మసక ఫోటో చూసి, అడిగినవారి తొందర చూసి, నేనూ ఫోన్‌లోనే యాంటీబయాటిక్ రాశాను. మూడు రోజులు బాగుందన్నారు, నాలుగో రోజు దవడ కింద వాపుతో వచ్చారు. మొదటి రోజే పిలిపించి చీము తీసి ఉంటే ఆ మనిషికి ఆసుపత్రిలో పడుకునే అవస్థ తప్పేది. ఆ తప్పు నాది.

డాక్టరు చూసేదాకా పెద్దవారు పారాసెటమాల్ వేసుకోవచ్చు, అయితే 24 గంటల్లో అన్నీ కలిపి 4 గ్రాములు దాటకూడదు. రోజూ మద్యం తాగేవారు, కాలేయం బాగా లేనివారు అంత కూడా వేసుకోకూడదు, ఎంత వేసుకోవచ్చో అడగాలి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ తరహా మాత్రలు పంటి నొప్పికి బాగా పనిచేస్తాయి కానీ కడుపులో పుండు ఉన్నవారికి, గర్భిణులకు, రక్తం పలచబడే మందు వాడేవారికి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ప్రమాదం. కనిగిరి పరిసరాల్లో కిడ్నీ జబ్బులు ఎలా బాధిస్తున్నాయో ఆ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు, అక్కడివారు రక్తపరీక్ష సంగతి చెప్పకుండా ఈ మాత్రలు అడగవద్దు. 12 ఏళ్ల లోపు పిల్లలకు నొప్పి మందు నిమెసులైడ్‌ను 2011లోనే మన దేశంలో నిషేధించారు, ఇంట్లో మిగిలిన సీసా ఉంటే పారవేయండి. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే ఆ రోజుల్లో మద్యం ముట్టకూడదు.

ఆస్ప్రిన్ బిళ్లను నొప్పి ఉన్న పంటి పక్కన అదిమి పెట్టుకుంటే చిగురు కాలి తెల్లగా ఊడి వస్తుంది, ఫోటోలో ఆ తెల్లదనం చూసి మేము వేరే జబ్బు అనుకునే ప్రమాదం కూడా ఉంది. పొగాకు నలిపి పెట్టుకోవడమూ అంతే. చెంప మీద వేడి కాపడం పెడితే వాపు ఇంకా పెరగవచ్చు. బయట చల్లని గుడ్డ వేసుకుని, గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలించడం మంచిది. లవంగ నూనె చుక్క దూదితో పుచ్చులో పెడితే కాసేపు ఊరట ఇస్తుంది, చిగురుకు తగలకుండా చూసుకోవాలి. మీరు వాడినది ఏదైనా దాచకుండా చెప్పండి, ఎవరూ తిట్టరు.

పొగాకు, గుట్కా, వక్క అలవాటు ఉన్నవారికి

పొగాకు పండించే నేల ఇది. ఒంగోలు, టంగుటూరు, పొదిలి, కలిగిరి వేలం కేంద్రాల పేర్లు తెలియనివారు ఇక్కడ తక్కువ. దూరం నుంచి చూసే వైద్యం అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది ఈ అలవాటు ఉన్నవారికేనని నా నమ్మకం, ఎందుకంటే నోటి క్యాన్సర్ మొదట్లో నొప్పి పెట్టదు, నొప్పి లేనిదే ఎవరూ నెల్లూరు దాకా రారు.

నెలకు ఒకసారి నోటిని ఫోటోలు తీయించుకోండి: రెండు బుగ్గల లోపలి వైపులు, పెదవుల లోపల, నాలుకను గుడ్డతో పట్టి బయటికి లాగి రెండు అంచులు, నాలుక పైకెత్తి కింద. తుడిస్తే పోని తెల్ల మచ్చ, వెల్వెట్ గుడ్డలాంటి ఎర్ర మచ్చ, రెండు వారాల్లో మానని పుండు, గట్టిగా చేతికి తగిలే అంచు, మెడలో కదలని గడ్డ, ఏది కనబడినా డాక్టరుకు పంపండి. ఎర్ర మచ్చను తెల్ల మచ్చ కంటే ఎక్కువ అనుమానంతో చూడాలి. ఇన్నాళ్లూ ఇష్టంగా తిన్న గోంగూర పచ్చడి ఇప్పుడు నోట్లో పెట్టుకోగానే మంట పుడుతోందంటే, నిలువుగా పెట్టిన మీ మూడు వేళ్లు నోట్లో పట్టడం లేదంటే, అది వక్క వల్ల బుగ్గ లోపల బిగుసుకుపోతున్న జబ్బు కావచ్చు. కారం తగ్గించుకుని సరిపెట్టుకోవడం దానికి మందు కాదు, వక్క మానాలి, చూపించుకోవాలి.

ఫోటో చూసి "ఏమీ లేదు" అని ఫోన్‌లో చెప్పే హక్కు ఏ డాక్టరుకూ లేదు, "వచ్చి చూపించుకోండి, చిన్న ముక్క తీసి పరీక్ష చేద్దాం" అని చెప్పే హక్కు మాత్రమే ఉంది. 30 ఏళ్లు దాటిన వారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో నోటి క్యాన్సర్ పరీక్ష కూడా చేస్తారు, ఏఎన్ఎం వచ్చినప్పుడు నోరు చూపించడానికి సిగ్గుపడవద్దు. పొగాకు మానాలనుకునేవారికి 1800-11-2356 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది.

పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు ఉంటే

మన దేశంలో ఫ్లోరైడ్ నీళ్ల జబ్బును మొదట గుర్తించి 1937లో ప్రచురించింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు ఆ రోజుల్లో నెల్లూరులో ఉండేవి, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. తొంభై ఏళ్లు కావస్తున్నా ఆ ఊళ్ల పిల్లల ఫోటోలు మాకు ఇంకా వస్తూనే ఉన్నాయి. పెళ్లి సంబంధాలు చూస్తున్న రోజుల్లో ఆ ఫోటోలు ఎక్కువగా వస్తాయి, ఆ తల్లుల గొంతులోని ఆరాటం వింటే మనసు కలుక్కుమంటుంది.

ఇలాంటి ఫోటో పంపేటప్పుడు పళ్లు తడిగా ఉన్నప్పుడు ఒకటి, రెండు నిమిషాలు పొడి గుడ్డతో అద్ది ఆరబెట్టాక ఒకటి తీయండి. ఫ్లోరైడ్ మచ్చలు ఆరినప్పుడు సుద్దలాగా తేలతాయి, కుడి ఎడమ పళ్ల మీద ఒకేలా ఉంటాయి. ఒకే పంటి మీద, చిగురు అంచున మెత్తగా ఉంటే అది పుచ్చు కావచ్చు. చిన్నప్పుడు ఎనిమిదేళ్ల దాకా ఏ ఊళ్లో పెరిగారు, బోరు నీళ్లు తాగారా, చెరువు నీళ్లా, క్యాన్ నీళ్లా అని చెప్పండి. పన్ను లోపల తయారవుతున్న వయసులోనే ఆ మచ్చ పడుతుంది, అందుకే ఇప్పుడు నీళ్లు మార్చినంత మాత్రాన పెద్దవారి మచ్చ పోదు. పైపొర రుద్ది తీయడం, రంగు తగ్గించడం, పంటి రంగు పదార్థంతో కప్పడం, ఏది మీకు సరిపోతుందో కుర్చీలో కూర్చోబెట్టి చూసే చెప్పాలి. చిన్నపిల్లల విషయంలో మాత్రం నీళ్లు మార్చడమే వైద్యం. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా అనుమతి ఉంది. గ్రామీణ నీటి సరఫరా విభాగం వారిని అడిగి మీ బోరు నీళ్లు పరీక్ష చేయించి, ఆ కాగితం ఫోటో కూడా డాక్టరుకు పంపండి. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆ తరువాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు, మింగకుండా చూడాలి.

చికిత్స అయ్యాక ఫోన్ చేసే పని

డాక్టర్లలో ఫోన్‌ను వద్దనేవారు కూడా ఒప్పుకునే చోటు ఇది. పన్ను తీయించుకుని ఊరికి చేరినవారు ఆ సాయంత్రం ఒకసారి, మూడో రోజు ఒకసారి ఫోటో పంపితే ఎన్నో ప్రయాణాలు తప్పుతాయి. మొదటి రోజు పుక్కిలించవద్దు, ఉమ్మవద్దు, స్ట్రాతో తాగవద్దు. గుంటలో కట్టిన గడ్డే మీకు కట్టు. ఉమ్మిలో కొంచెం ఎర్రదనం మరుసటి రోజు దాకా ఉండవచ్చు, దాన్ని చూసి భయపడవద్దు. రెండో రోజు నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు వాడండి. మూడో నాలుగో రోజుకు నొప్పి తగ్గవలసింది పోయి చెవి దాకా లాగుతూ, దుర్వాసన వస్తుంటే గుంటలో గడ్డ ఊడిపోయి ఎముక బయటపడిందని అనుమానించాలి. దానికి మాత్రలు చాలవు, కడిగి మందు పెట్టాలి, రావాలి.

కుట్లు వేసి ఉంటే ఏ దారమో పంపించేటప్పుడే అడిగి చీటీ మీద రాయించుకోండి. కరిగిపోయే దారమైతే ఏడో రోజు ఫోటో చూసి రానక్కరలేదని చెప్పవచ్చు, కరగని దారమైతే రావలసిందే. పళ్లకు క్లిప్పులు వేయించుకున్న పిల్లలకు తీగ ఊడి బుగ్గకు గుచ్చుకుంటుంటే, ఫోటో పంపి, ఆ కొనకు మైనం అద్దే పద్ధతి ఫోన్‌లో చెప్పించుకోండి. కత్తిరించడానికి ఇంట్లో ఉన్న కటింగ్ ప్లయర్ వాడవద్దు. కట్టుడు పళ్లు ఒరుసుకుని పుండు పడితే వాటిని తీసి ఉంచి, పుండు ఫోటో పంపండి, చూపించుకోవడానికి వచ్చే ముందు రోజు మాత్రం మళ్లీ కొంతసేపు పెట్టుకుని రండి. ఎక్కడ ఒరుసుకుంటోందో మాకు కనబడితేనే అక్కడ అరగదీయగలం.

చివరిగా ఇంకొక పని. డాక్టరు ఫోన్‌లో "రండి" అని చెప్పిన రోజున బయలుదేరే ముందు మళ్లీ ఒకసారి ఫోన్ చేసి, ఆ రోజే నరం చికిత్స మొదలుపెడతారా, ఎక్స్‌రే అక్కడే తీస్తారా, తిని రావాలా, ఎన్ని గంటలు పడుతుంది, ఆఖరి బస్సు అందుతుందా అని అడగండి. మీరు పంపిన ఫోటోలు, రాసుకున్న కాగితం, మందు రేకులు, పాత ఎక్స్‌రేలు ఒక కవరులో పెట్టుకుని రండి.